ఇంటి శుభ్రతకు కుంకుడుకాయ: వాడకంలో తేలిన మంచిచెడ్డలు

ఇంట్లో రసాయనాల వాడకం తగ్గించుకోవాలనుకునే కుటుంబం ఏ ఒక్క వస్తువుతో మొదలుపెట్టాలని అడిగితే నేను కుంకుడుకాయ పేరే చెబుతాను. వెదురు బ్రష్షులు, కొబ్బరి చిప్పల గిన్నెలు, రకరకాల హెర్బల్ ద్రావకాలు ఇప్పుడు బజారు నిండా ఉన్నాయి గాని, వాటిలో చాలావాటి కోసం బాగున్న పాత వస్తువును పక్కన పడేసి కొత్తది కొనవలసి వస్తుంది. కుంకుడుకాయకు కొత్త సామగ్రి అక్కరలేదు. ఒక రాయి, ఒక గిన్నె, వేడినీళ్ళు, వడగట్టడానికి ఒక పాత గుడ్డ చాలు. మా ఇంట్లో తలంటుకే పరిమితమైన ఈ కాయను కొంతకాలంగా బట్టలకు, గిన్నెలకు, నేల తుడవడానికి, కుండీల్లోని మొక్కలకు కూడా వాడుతున్నాము. అది ఎక్కడ నిజంగా పనికివచ్చిందో, ఎక్కడ చాలలేదో చెప్పడానికే ఈ సమీక్ష. దీన్ని పొగిడేవారు సర్వరోగనివారిణిలా పొగుడుతారు, వద్దనేవారు కళ్ళు మండే పాతకాలపు కాయ అని తోసిపుచ్చుతారు. కొనబోయేవారికి ఈ రెండు మాటలవల్లా ఉపయోగం లేదు.

ముందుగా దీని పనితీరు తెలుసుకుంటే ఎక్కడ వాడాలో దానంతటదే అర్థమవుతుంది. కుంకుడుకాయ పైతొక్కలో సపోనిన్లు అనే పదార్థాలు ఉంటాయి. లోపలి నల్లని గట్టి గింజలో శుభ్రపరచే గుణం లేదు. సపోనిన్ అణువుకు ఒక కొస నీటితో కలుస్తుంది, మరొక కొస నూనెతో కలుస్తుంది. అందుకే జిడ్డు నీటిలోకి జారిపోతుంది. సబ్బు కూడా ఇదే పని చేస్తుంది గాని, సబ్బునీరు క్షారగుణం కలది, కుంకుడు రసం కొద్దిపాటి ఆమ్లగుణం కలది. మరొక తేడా కూడా ఉంది. బోరుబావి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారతాయి. బకెట్ అంచున పట్టే మరక అదే, తల స్నానం తరువాత జుట్టు బిరుసెక్కడానికి కారణం కూడా చాలాసార్లు అదే. సపోనిన్లు ఆ లవణాలతో అలా తెట్టు కట్టవు. ఉప్పనీటి బోర్ల మీద ఆధారపడి బతికే తెలంగాణ పల్లెలకు, ప్రకాశం, రాయలసీమ ప్రాంతాలకు, హైదరాబాదు శివారు అపార్టుమెంట్లకు ఇది చిన్న ప్రయోజనం కాదు.

కాయల ఎంపికలో జాగ్రత్త అవసరం. మంచి కాయ తేనెరంగులోనో ఎర్రటి గోధుమరంగులోనో ఉండి, వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే తొక్క కొంచెం పారదర్శకంగా కనిపిస్తుంది, ముడతలు పడి ఉన్నా వేలితో నొక్కితే జిగటగా తగులుతుంది. పూర్తిగా నల్లబడి, ఎండి పెళుసుబారి, తొక్కకు సన్నని రంధ్రాలు పడిన కాయల్లో పురుగు తినగా మిగిలిన సారం తక్కువ. దక్షిణాదిన పెరిగే కుంకుడు, హిమాలయ ప్రాంతంలో పెరిగి రీఠా పేరుతో అమ్ముడయ్యే కుంకుడు వేర్వేరు జాతులు, ఒకే కుటుంబానికి చెందినవి. రెండూ ఇంటి పనికి పనికివస్తాయి. మన కొండల్లో, పొలం గట్ల మీద దొరికే కాయ ఉండగా దూరం నుంచి తెప్పించుకోవడంలో నాకు అర్థం కనిపించదు.

రసం తీయడానికి మా ఇంట్లో కుదిరిన పద్ధతి ఇది. కాయలను రాతితో కొట్టి గింజలు తీసివేసి, నూరు గ్రాముల తొక్కకు లీటరు నీళ్ళ చొప్పున పోసి రాత్రంతా నానబెట్టాలి. మరునాడు సన్నని సెగ మీద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు మరిగించి, చల్లారాక చేత్తో బాగా పిసికి, గుడ్డలో వడగట్టాలి. మరిగేటప్పుడు గిన్నె నిండుగా ఉంటే నురగ పొంగి పొయ్యి మీద పడుతుంది కాబట్టి సగానికి మించి నింపకూడదు. పిప్పిని పారేయకుండా మరికొన్ని నీళ్ళు పోసి రెండోసారి మరిగిస్తే పలుచని రసం వస్తుంది. నేల తుడవడానికి అది సరిపోతుంది. ఈ రసంలో నిలవ ఉంచే మందులేవీ లేవు కాబట్టి బయట ఉంచితే వేసవిలో ఒకటి రెండు రోజుల్లోనే పులిసి వాసన వస్తుంది. ఫ్రిజ్‌లో వారం వరకు ఆగుతుంది. ఐసు ముక్కల ట్రేలో పోసి గడ్డకట్టించి, కావలసినప్పుడు ఒక్కొక్క ముక్క వేడినీటిలో వేసుకోవడం ఇంకా మేలు. అంగడిలో సీసా కొని మూత తీసి వాడుకోవడంతో పోలిస్తే ఇది శ్రమే, కాదనలేము. వారానికి ఒక పూట ఈ పనికి కేటాయించలేని ఇంట్లో ఈ అలవాటు నిలవదు.

తల స్నానం విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. నువ్వుల నూనో కొబ్బరినూనో బాగా పట్టించి మర్దనా చేసిన తలకు కుంకుడు రసం చేసినంత శుభ్రంగా పని చేసేది నేను చూడలేదు. చర్మానికి స్వతహాగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి ఈ రసం మాడుకు ఇబ్బందిగా ఉండదు. నూనె రాయని తలకు, పొడిజుట్టు గలవారికి మాత్రం ఉత్త కుంకుడు రసం పోస్తే జుట్టు మరీ ఎండినట్టవుతుంది. అటువంటివారు కుంకుడు మోతాదు తగ్గించి శీకాయ కలుపుకోవడం, నానబెట్టిన మెంతులో మందారాకో నూరి చేర్చుకోవడం, గంజి కలుపుకోవడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతులే, అవి బాగా పనిచేస్తాయి. రంగు వేసిన జుట్టుకు వాడేముందు ఒక పాయ మీద పరీక్షించి చూడడం మంచిది.

కళ్ళ మంట గురించి కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే పిల్లలు ఈ కాయకు దూరం కావడానికి అసలు కారణం అదే. సపోనిన్లు కంటిపొరను తీవ్రంగా మండిస్తాయి, ఎర్రబారుస్తాయి. నోట్లో ఉప్పుకల్లు వేసుకుంటే మంట తగ్గుతుందని పెద్దలు చెప్పేవారు. ఏడుస్తున్న పిల్లల మనసు మళ్ళించడానికి అది ఉపయోగపడి ఉండవచ్చు. కంటికి కావలసింది మాత్రం చల్లని మంచినీళ్ళతో చాలాసేపు కడగడమే. పిల్లలకు పోసేటప్పుడు తల వెనక్కి వంచి, నుదుటి మీద మడతపెట్టిన తువ్వాలు అడ్డం పెట్టి, రసం పలుచగా కలిపి పోస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. చిన్నపిల్లలకు అసలు వాడకపోవడమే ఉత్తమమని నా అభిప్రాయం. సున్నిపిండితో ఒళ్ళు రుద్ది, తలకు గోరువెచ్చని నీళ్ళు పోసినా వారికి సరిపోతుంది.

పట్టుబట్టల దగ్గర కుంకుడుకు సాటి లేదు. పట్టు, ఉన్ని రెండూ మాంసకృత్తులతో తయారైన నారలు. క్షారగుణం గల సబ్బుపొడి వాటిని క్రమంగా బలహీనపరచి మెరుపు పోగొడుతుంది. ధర్మవరం, గద్వాల, ఉప్పాడ చీరలను చల్లని నీటిలో కలిపిన పలుచని కుంకుడు రసంలో కొద్దిసేపు ముంచి, పిండకుండా, రుద్దకుండా జాడించి నీడన ఆరవేస్తే నేతలోని మెత్తదనం నిలుస్తుంది. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల విషయంలోనూ ఇదే మాట. కరక్కాయ, పటిక ఆధారంగా వేసే ఆ సహజమైన రంగులు క్షారం తగిలితే మారిపోయే ప్రమాదముంది. అయితే కుంకుడుతో ఉతికితే రంగు వదలదన్న భరోసా పెట్టుకోకూడదు. సరిగా పట్టని అద్దకం ఏ నీటిలోనైనా వదులుతుంది. కొత్త చీర కొంగు చివర తడిపి తెల్లగుడ్డతో అద్ది చూశాకే మొత్తం నీటిలో ముంచాలి, ముదురు రంగు అంచులున్న చీరను విడిగానే ఉతకాలి. ఖరీదైన జరీ చీరను ప్రతిసారీ డ్రైక్లీనింగుకు ఇచ్చే ఇళ్ళలో ఈ ఒక్క మార్పు వల్లనే ఏడాదికి చెప్పుకోదగినంత ఖర్చు తగ్గుతుంది, ఆ పనిలో వాడే ద్రావకాల వాడకమూ తగ్గుతుంది. బంగారు, వెండి నగలను వెచ్చని కుంకుడు రసంలో నానబెట్టి మెత్తని బ్రష్షుతో రుద్దడం కంసాలి దుకాణాల్లో మామూలుగా చూసేదే. ముత్యాలను మాత్రం అలా నానబెట్టకూడదు.

రోజువారీ బట్టల దగ్గరికి వచ్చేసరికి నా ఉత్సాహం సగమవుతుంది. చెమట, దుమ్ము మాత్రమే పట్టిన నూలుబట్టలు, పిల్లల మెత్తని దుస్తులు, దుప్పట్లు వేడినీటి కుంకుడు రసంలో బాగానే శుభ్రపడతాయి, సబ్బు వాసన పడనివారికి ఊరటగానూ ఉంటుంది. పసుపు, కూర, గ్రీజు మరకలు దీనికి లొంగవు. బజారు డిటర్జెంట్లలో మరకలను విడగొట్టే ఎంజైములు, బట్ట తెల్లగా కనిపించేలా చేసే రసాయనాలు ఉంటాయి. కుంకుడులో అవేవీ లేకపోవడం వల్ల తెల్లచొక్కాలు కొన్నాళ్ళకు మాసినట్టు కనిపిస్తాయి. తెల్లబట్టలకు అప్పుడప్పుడు నీలిమందు పెట్టడం, ఎండలో ఆరవేయడం కొంతవరకు ఆదుకుంటాయి. వాషింగ్ మెషీన్‌లో తొక్కలను చిన్న గుడ్డసంచిలో కట్టి వేస్తే చాలని చాలామంది ప్రచారం చేస్తున్నారు. చల్లనీటిలో ఆ కొద్దిసేపట్లో తొక్క నుంచి దిగే సారం చాలా తక్కువ, అందువల్ల ఆ పద్ధతిని నేను సిఫారసు చేయలేను. మెషీన్‌లో వాడదలచినవారు ముందుగా మరిగించి వడగట్టిన రసాన్నే పోయాలి. జబ్బుపడినవారి బట్టలకు, పక్కదుప్పట్లకు కుంకుడు చాలదు. ఇది జిడ్డు వదిలిస్తుంది గాని క్రిములను నమ్మకంగా చంపే మందు కాదు. అటువంటివాటిని బాగా కాగిన నీళ్ళలో సబ్బుపొడితోనే ఉతికి గట్టి ఎండలో వేయడం మేలు.

గిన్నెలకు మిశ్రమ ఫలితమే. పలుచని జిడ్డున్న పళ్ళాలు, గ్లాసులు చక్కగా తోముకోవచ్చు. వేపుడు బాణలికి, అడుగంటిన పాలగిన్నెకు కుంకుడు రసం ఒక్కటే సరిపోదు, జల్లించిన కట్టెబూడిదో శనగపిండో కలపాలి. సపోనిన్ చేదుగా ఉంటుంది కాబట్టి రెండుసార్లు కడగకపోతే ఆ చేదు తరువాతి వంటకు తగులుతుంది. ప్లాస్టిక్ పీచుకు బదులు ముదిరి ఎండిన బీరపీచు వాడితే బాగుంటుంది. అరిగిపోయాక ఎరువుగుంటలో వేసెయ్యవచ్చు, సన్నని ప్లాస్టిక్ తునకలు కాలువలోకి పోవు. ఇత్తడి, రాగి పాత్రలకు రసం తీయగా మిగిలిన పిప్పిలో కొంచెం చింతపండు కలిపి రుద్దడం నాకు బాగా నచ్చిన వాడకం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, పిప్పి జిడ్డు తీస్తూ మెత్తని పీచులా పనిచేస్తుంది. పూజ సామాను రోజూ తోమే ఇళ్ళలో పిప్పి వృథా అయ్యే ప్రసక్తే ఉండదు.

నేల తుడిచే నీటిలో పలుచని రసం కలిపితే జిడ్డు పోతుంది. సువాసన మాత్రం ఉండదు. ఇక్కడే మరో హెచ్చరిక అవసరం. నిమ్మ, బత్తాయి తొక్కలు మూడు పాళ్ళు, బెల్లం ఒక పాలు, నీళ్ళు పది పాళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టే బయోఎంజైము ఇప్పుడు బాగా వ్యాప్తిలోకి వచ్చింది. కుంకుడు రసంతో కలిపి దాన్ని అన్ని రకాల నేలలకూ వాడమంటున్నారు. అది పుల్లని ద్రావకం. కడప బండలు, తాండూరు బండలు సున్నపురాయి జాతివి, పాలరాయి కూడా పులుపుకు తట్టుకోలేదు. అటువంటి నేల మీద పులుపు పదే పదే పడితే మెరుపు పోయి మచ్చలు తేలుతాయి, ఆ మచ్చలు మళ్ళీ పాలిష్ పట్టిస్తే తప్ప పోవు. మన ఇళ్ళలో చాలావాటిలో ఆ బండలే పరచి ఉంటాయి గనుక ఈ సంగతి చెప్పకుండా అన్నిచోట్లా వాడమనడం సబబు కాదు. బాగా పలుచన చేసిన కుంకుడు నీటిని ఒక్కదాన్నే వాడి, తరువాత మంచినీటితో ఒకసారి తుడిస్తే బండలకు ఏమీ కాదు. గ్రానైటు, పింగాణీ టైల్సు ఉన్నవారు బయోఎంజైమును నిశ్చింతగా వాడుకోవచ్చు.

నేను ఊహించనంత మేలు మొక్కల విషయంలో కనిపించింది. మందారానికి పట్టే పిండినల్లి, చిక్కుడుకు పట్టే పేనుబంక మీద కుంకుడు నీళ్ళు చల్లితే మెత్తని శరీరం గల ఆ పురుగులు చాలావరకు తగ్గాయి. వేపనూనె నీటిలో కలవక పైన తేలిపోతుంది, దానికి కొంచెం కుంకుడు రసం చేర్చి గిలకొడితే తెల్లగా పాలలా కలిసిపోయి ఆకులకు అంటుకుంటుంది. పురుగుమందులు లేకుండా సాగుచేసే రైతులు ఈ పద్ధతిని పాటిస్తూనే ఉన్నారు. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె సరిపోతుంది. ఎండపూట కాకుండా సాయంత్రం చల్లాలి, లేకపోతే ఆకులు మాడతాయి. తేనెటీగలు తిరిగే పూల మీద పడకుండా చూసుకోవాలి.

కుంకుడును మెచ్చుకునేవారు తరచుగా వదిలేసే విషయం ఒకటుంది. సపోనిన్లు చేపలకు విషం. వాటి మొప్పలను దెబ్బతీస్తాయి, అందుకే ఇటువంటి కాయలను నీటిలో కలిపి చేపలు పట్టే ఆచారం అనేక దేశాల్లో ఉండేది. కాబట్టి చేపలున్న తొట్టిలోకి, నీటికుంటలోకి, చెరువుగట్టున నేరుగా నీటిలోకి కుంకుడు నీళ్ళు పోయకూడదు. మట్టిలోకి పారించితే మాత్రం ఇది త్వరగానే విచ్ఛిన్నమవుతుంది. కొబ్బరిచెట్టు మొదట్లోకో అరటి పాదులోకో మళ్ళించుకునే వీలున్న ఇంట్లో దీని విలువ రెట్టింపవుతుంది. ఇంటి నుంచి పోయే నీరు ఎక్కడికి చేరుతుందో ఆలోచించవలసిన కాలం వచ్చింది. బెంగళూరు బెళ్ళందూరు చెరువులో శుద్ధి చేయని మురుగుతో పాటు చేరిన డిటర్జెంట్లు, ఇతర వ్యర్థాలు నురగగా పేరుకుని 2015లో మంటలంటుకోవడం దేశమంతా చూసింది. మూసీ మీద తేలే తెల్లని నురగ హైదరాబాదు వాసులకు కొత్త కాదు. కొన్ని డిటర్జెంట్లలో వాడే ఫాస్ఫేట్లు కలిసిన నీరు చెరువుల్లో గుర్రపుడెక్కను, నాచును పెంచి, అవి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. ఒక ఇంట్లో డిటర్జెంట్లు మానేస్తే చెరువు బాగుపడుతుందని నేను అనను, మురుగు శుద్ధి కేంద్రాలు పనిచేయవలసిందే. మన వంతు భారం తగ్గించడం మాత్రం మన చేతిలోని పని.

పొడి ప్యాకెట్ల గురించి నా అభిప్రాయం అంత మంచిది కాదు. పేరు చెప్పనవసరం లేని ఒక సంస్థ పొడిని మేము తెప్పించాము. గింజతో సహా దంచినట్టుంది, నురగ చాలక, సన్నని రేణువులు జుట్టులో ఇరుక్కుని దువ్వినా రాలేదు. కాయ రూపంలో కొంటే మంచిదో చెడ్డదో కంటికి తెలుస్తుంది, పొడిగా మారాక తెలుసుకునే దారి లేదు. పొడే కావాలనుకుంటే గింజ తీసిన తొక్కను ఎండలో పెళపెళలాడే వరకు ఎండబెట్టి ఇంట్లోనే పట్టుకోవడం మంచిది, పట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. సీసా మీద కుంకుడుకాయ బొమ్మ ఉన్న షాంపూల విషయంలో వెనకవైపు పదార్థాల జాబితా చదవాలి. ఎక్కువ పాళ్ళలో ఉన్నవాటిని ముందు రాస్తారు కాబట్టి, నురగ కోసం కలిపే సోడియం లారెత్ సల్ఫేటు అనే రసాయనం మొదట్లోనూ కుంకుడు చిట్టచివరా ఉంటే ఆ నురగ దేనివల్ల వస్తుందో స్పష్టమే.

కొనే చోటు కూడా ఈ సమీక్షలో భాగమే. కిరాణా కొట్లలో, వారపు సంతల్లో విడిగా దొరుకుతాయి, గుడ్డసంచి తీసుకువెళితే ప్లాస్టిక్ ప్యాకెట్ బెడద ఉండదు. 1956లో ఏర్పడి విశాఖపట్నం కేంద్రంగా పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ అడవిబిడ్డలు సేకరించిన తేనె, చింతపండు, కుంకుడు, శీకాయ వంటి ఉత్పత్తులను కొని అమ్ముతుంది. చెట్టెక్కి కాయ రాల్చి, ఏరి, ఎండబెట్టి, కొండ దిగి మోసుకొచ్చే మనిషికి దళారి చేతిలో దక్కేది తక్కువ. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకు యాజమాన్యపు హక్కు కల్పించింది, ఆ హక్కు బతుకుతెరువుగా మారాలంటే సరుకుకు న్యాయమైన ధర పలికే కొనుగోలుదారులు ఉండాలి. నాలుగు రూపాయలు ఎక్కువైనా సహకార సంస్థ దుకాణంలోనో, సంతలో సేకరించినవారి దగ్గరో కొనడం సముచితమని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్త పంట వేసవి మొదటి నాళ్ళలో బజారుకు వస్తుంది, ఏడాదికి సరిపడా అప్పుడే తీసుకోవడం లాభం. కాయ గాలిలోని తేమను లాక్కునే స్వభావం కలది కాబట్టి వానాకాలంలో ముద్దకట్టి జిగురుగా మారుతుంది. గింజ తీసి, రెండు మంచి ఎండలు తగలనిచ్చి, బిగుతైన మూత గల స్టీలు డబ్బాలోనో జాడీలోనో పోసుకోవాలి. తలంటుకు, పట్టుచీరలకు, ఇత్తడి సామానుకు, మొక్కలకు మాత్రమే వాడుకునే నలుగురి కుటుంబానికి నెలకు అరకిలో లోపే సరిపోతుంది. అన్ని బట్టలకూ వాడాలంటే దానికి ఎన్నో రెట్లు కావాలి, అంత రసం కాచడం ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో సాధ్యపడదు. అటువంటివారు మామూలు బట్టలకు ఫాస్ఫేటు లేని డిటర్జెంటును కొలిచి, తగు మోతాదులోనే వాడి, పైన చెప్పిన పనులకు మాత్రం కుంకుడును తెచ్చుకోవాలని నా సలహా.